కుడివైపు తాడు

హేజిన్ రేవు కార్మిక శాఖ తనిఖీ అధికారి గారికి,

అయ్యా,

విషయం: కార్ల కర్మాగారం రెండో షాపులో, చక్రాల బిగింపు దగ్గర ఎందరుండాలన్న ఒప్పందం మీద, యూనియన్ ప్రతినిధిగా నేను పెట్టిన సంతకం రద్దు చేయించి, సోమవారం లోపు విచారణకు రావలసిందిగా కోరుట గురించి.

ఉదయం నుంచి సముద్రపు పొగమంచు విడవలేదు. షాపులో పగలే దీపాలు వేశారు. మొదటి షిఫ్టులో నాలుగు వందల పదకొండు కార్లు దాటాయి. ఎడమ చక్రాలు నేను బిగించాను. కుడి చక్రాలు పియో దోక్‌మాన్ బిగించాడు.

1. ఇద్దరిదీ ఒకే పని, ఒకే వేగం. నేను కంపెనీ మనిషిని, యూనియన్ సభ్యుణ్ణి. అతను కాంట్రాక్టరు మనిషి. అతను ఇక్కడ చేసిన పదకొండేళ్లలో ఆ కాంట్రాక్టరు ముఖం లైన్లో ఎవరూ చూడలేదు. అతనికి పని చెప్పేది మా మేస్త్రీ మెంగ్ గారే.

2. తేడా వస్తే, కార్లు కదిలే లైను ఆపడానికి ఇరువైపులా తాడు ఉంటుంది. కాంట్రాక్టు వాళ్లు లైను ఆపరాదని కుడివైపు తాడును మేస్త్రీ గారు పైకి చుట్టించి టేపు వేయించారు. అందుచేత నట్టు ఇరుక్కున్నప్పుడల్లా దోక్‌మాన్ కారు అవతల నుంచి అరిచేవాడు.

"ఓ ఎడమ దొరా! నిద్రపోతున్నావా? లాగవయ్యా తాడు!"

"లాగుతున్నా అన్నా. ఈ నెల ఎన్నోసారి?"

"అది నువ్వే రాసుకో. చదువుకున్నోడివి."

ఆపిన ప్రతిసారీ చీటీ రాయాలి. అతని పేరు రాస్తే పంపేస్తారని నా పేరే రాసి, ఎడమవైపు అని పెట్టాను. గత ఏడాది అలాంటివి ముప్పై ఎనిమిది.

3. కొత్త మోడల్ వస్తే ఏ చోట ఎందరుండాలో కంపెనీ, యూనియన్ కూర్చుని తేల్చాలి. అది మేం సమ్మె చేసి తెచ్చుకున్న హక్కు. కంపెనీ వారు నా చీటీలే బల్ల మీద పెట్టారు. ఎడమవైపు తరచు ఇబ్బంది, కావున మనిషి ఉండాలి. కుడివైపు ఏడాదంతా ఒక్క ఇబ్బందీ లేదు, కావున యంత్రం చాలు. దోక్‌మాన్ శుక్రవారం వరకే. మా యూనియన్ అధ్యక్షుడు నా చెవిలో, "మన యూనియన్ వాళ్లు ఆరుగురి ఉద్యోగాలూ నిలిచాయి కదా. ఇంకేం కావాలి నీకు? సంతకం పెట్టెయ్" అన్నాడు. పెట్టాను.

4. యూనియన్ మీద ఫిర్యాదు లేదు. నా బొటనవేలు నలిగిన ఏడాది నన్ను ఉద్యోగంలో నిలబెట్టింది యూనియనే. దోక్‌మాన్ కోసం నిలబడేవాళ్లు లేరు. ఆ బల్ల దగ్గర అతన్ని ఎరిగినవాణ్ణి నేనొక్కణ్ణే.

తమరు వచ్చి ఆ టేపు చూడాలి. తప్పుడు చీటీలకు శిక్ష నాకు వేయండి. కంపెనీ మేస్త్రీ కింద పనిచేసినవాడు కంపెనీ మనిషేనని తేల్చండి. యంత్రం పెట్టడానికి సోమవారం కుడివైపు అంతా విప్పేస్తారు.

తమరు చిత్తగించి, ఆలస్యం చేయకుండా రాగలరని నమ్మి,

తమ విధేయుడు,
ఓక్ సాంగ్‌హో
గురువారం

తా.క.: ఇది పంపేలోపే శుక్రవారం వచ్చింది. మూడున్నరకు, ఏ ఇబ్బందీ లేకుండానే, దోక్‌మాన్ టేపు చింపి తాడు లాగాడు. "ఇది రాసుకో" అన్నాడు. లైను నాలుగు నిమిషాలు ఆగింది. కాబట్టి తమరికి చూపడానికి టేపు ఇప్పుడు లేదు. చీటీ ఉంది. పియో దోక్‌మాన్, కుడివైపు అని రాశాను. అతను తన అల్మారా తాళంచెవి అప్పగించి మూడు నలభైకి మూడో గేటు నుంచి వెళ్లాడు.