కాకి ముట్టని పిండం

అక్టోబర్ 1988, రాత్రి

ఈరోజు శ్రీను సంవత్సరీకం. అన్నయ్యకు ఒక్కగానొక్క కొడుకు. నిరుడు పత్తికి మందు కొడుతూ చేలోనే పడిపోయాడు. కాలవ గట్టున పిండం పెట్టి మధ్యాహ్నం దాకా కూర్చున్నాం. ఒక్క కాకీ రాలేదు. ఎలా వస్తుంది? మందుకు చచ్చిన పురుగుల్ని తిని కాకులూ గోరింకలూ గట్టు పొడుగునా రాలి ఉన్నాయి.

"కాకే రావాలంటావా, ఏ పక్షైనా పర్వాలేదా? కాలేజీలో పక్షుల పాఠాలు చెబుతావుగా, చెప్పరా," అన్నాడు అన్నయ్య.

నాకు బుద్ధి ఉండొద్దూ? పాఠమే అందుకున్నాను. ఇప్పుడు బతికున్న పక్షులన్నిటికీ అతి దగ్గరి ఉమ్మడి పూర్వజీవి ఏదో, దాన్నీ దాని సంతతినీ మాత్రమే పక్షులనాలని కొందరు శాస్త్రవేత్తలు కొత్తగా అంటున్నారని చెప్పాను. అంతకుముందే వేరుపడి అంతరించినవాటికి ఈకలున్నా సరే, ఆ పేరు దక్కదన్నాను.

"అంటే వంశం మిగలనోళ్ళు బయటేనన్నమాట," అన్నాడు.

కాదు అన్నయ్యా. ఆ సంతతిలో పుట్టింది ఏదైనా, పిల్లల్లేకుండా పోయినా, లోపలిదే. పుట్టుకే లెక్క, మిగలడం కాదు. ఈ మాట ఇప్పుడు తడుతోంది. అప్పటికే అన్నయ్య పిండాన్ని తనే తీసి కాలవలో వదిలాడు.

తెల్లారకముందే వెళ్ళి చెప్పాలి. తెల్లారితే మందు డబ్బా వీపున వేసుకుని చేలోకి పోతాడు. శ్రీను మోసిన డబ్బానే.