మిల్లుల కూడలిలో రెండు పచ్చ దీపాలు, ఒక గోనె సంచి

తేది: 29 మార్చి

శ్రీయుత రెవెన్యూ డివిజనల్ అధికారి గారి సముఖమునకు,

కవిటి మండల నివాసి, వయసు 51, సొంత కారు డ్రైవరు తామాడ మన్మథరావు సమర్పించుకొను మూడవ అర్జీ.

విషయం: మిల్లుల కూడలిలోని ట్రాఫిక్ సిగ్నల్ రెండు వైపులా ఒకేసారి పచ్చ దీపం చూపినందున జరిగిన ప్రమాదమునకు బాధ్యులెవరో తేల్చుట గురించి, మరియు స్టేషనులో ఉన్న నా కారును విడిపించుట గురించి.

అయ్యా,

మొదటి రెండు అర్జీలకు జవాబు రానందున, వాటిలో మర్యాద తక్కువైందేమోనని ఈసారి తెలిసినవారి చేత ఒకసారి చదివించుకుని పంపుతున్నాను. తమరు దయతో చివరి వరకు చదవగలరు.

1. నా భార్య గౌరీశ్వరికి, మా వీధిలోని కొబ్బరి రైతు రామూర్తి మావకు కిడ్నీలు పాడైనవి. మా ఉద్దానంలో ఇది వింత కాదు గనుక వివరించను. సోమ, బుధ, శుక్రవారాలలో ఇద్దరినీ నా కారులో పలాస తీసుకువెళ్లి డయాలసిస్ చేయించి తెచ్చుట నా పని. ఉదయం ఏడింటికి మిషను మీద పడుకోవాలి. ఆలస్యమైతే వెనకనున్నవారికి చోటు ఇచ్చేస్తారు. అది వారి తప్పు కాదు, వెనకనున్నవారికీ కిడ్నీలు లేవు.

2. పలాస దారిలో జీడిపప్పు మిల్లుల దగ్గరి కూడలిలో సదరు సిగ్నల్ ఉన్నది. గత జూన్‌లో అది చెడిపోయి, ఎటు చూసినా పచ్చగానే వెలుగుట మొదలుపెట్టినది. ఎవరికి చెప్పినా రాలేదు. చివరకు మిల్లు కళాసీలు నిచ్చెన వేసుకుని, జీడిపిక్కల గోనె సంచులు దాని దీపాలకు తొడిగి తాడు కట్టారు. అప్పటి నుండి అందరికీ ఒకటే లెక్క: సంచి ఉందంటే సిగ్నల్ లేనట్టు. ప్రతివాడూ బండి నెమ్మది చేసి, హారన్ కొట్టి, అటూ ఇటూ చూసి, చెయ్యి ఊపి దాటేవాడు. ఎనిమిది నెలలలో ఆ కూడలిలో ఒక్క కోడి కూడా బండి కింద పడలేదని మనవి.

3. ఫిబ్రవరి ఎనిమిదో తేదీ శనివారం ఎవరో పెద్దవారు ఆ దారిన వస్తున్నారని స్తంభానికి రంగు వేశారు, ఫొటోలో బాగుండదని సంచులు విప్పారు. దీపాల జోలికి మాత్రం ఎవరూ పోలేదు.

4. పదో తేదీ సోమవారం ఉదయం ఆరుంపావుకు నేను ఇద్దరినీ ఎక్కించుకుని కూడలికి వచ్చాను. సంచి లేదు. పచ్చ వెలుగుతోంది. అయ్యా, ఇక్కడ నేను తప్పు చేశాను, దాచను. సంచి తీశారంటే బాగుచేసే తీసుంటారని అనుకున్నాను. ఎనిమిది నెలల తరువాత మొదటిసారి హారన్ కొట్టకుండా, పక్కకు చూడకుండా దాటాను. ఆ రోజు నేను ప్రభుత్వాన్ని నమ్మాను.

ఎడమ వైపు నుండి చేపల ఆటో వచ్చి కొట్టింది. నడిపినవాడు తీరం నుండి టెక్కలికి చేపలు వేసుకెళ్లే సూరాడ చిరంజీవి. కానాగంత చేపలన్నీ రోడ్డు మీద పడ్డాయి. అతని కాలు విరిగింది. విరిగిన కాలుతోనే అరిచాడు.

"కళ్లెక్కడెట్టుకున్నావు? నాకు పచ్చుంది సూడు!"

"నీకు పచ్చేటి? నాకుంది పచ్చ!" అని నేనూ అరిచాను.

ఇద్దరం ఒకరి తల్లిని ఒకరం తలుచుకున్న తరువాత, నేను అతని వైపు వెళ్లి తలెత్తి చూశాను. పచ్చే. అతను కూర్చున్నచోటి నుండే మెడ తిప్పి నా వైపు దీపం చూశాడు. అదీ పచ్చే.

"నీదీ తప్పు కాదు, నాదీ తప్పు కాదు బావా. మరి నా కాలెవుడు ఇరగ్గొట్టినట్టు?" అన్నాడు.

అయ్యా, ఈ అర్జీ సారాంశం అదే.

5. సదరు ప్రమాదంలో నా భార్య, డయాలసిస్ సూదులు గుచ్చే ఎడమ చేతిని గుండెకు అదుముకుని దెబ్బను కుడి భుజం మీద పడనిచ్చినది. నేను తలుపు లాగి తీసేసరికి, "సెయ్యి బాగానే ఉంది, ముందు టైమెంతయిందో సూడు" అన్నది. ఆ రోజు ఏడింటికి మేము ముగ్గురమూ స్టేషనులో ఉన్నాము.

6. స్టేషనులో చెప్పిన మాట: సిగ్నల్ ఉన్న కూడలిలో నిబంధన పాటించక, నిర్లక్ష్యంగా నడిపినందున నా మీద కేసు. అదే మాటతో చిరంజీవి మీద ఇంకొకటి. "సంచి విప్పితే సిగ్నల్ బాగయిందని నీకెవరు చెప్పారు?" అని అడిగారు. "చెడిపోయిందని కప్పారు గదా బాబూ, విప్పితే బాగయినట్టే గదా" అన్నాను. ఆ ముక్క రాసుకోలేదు. సంచి కట్టింది ఎవరని మాత్రం మూడుసార్లు అడిగారు. విప్పింది ఎవరని ఒక్కసారీ అడగలేదు.

7. సిగ్నల్ బాధ్యత ఎవరిదని సమాచార హక్కు కింద సంబంధిత కార్యాలయాన్ని అడిగాను. వచ్చిన జవాబు: "సదరు సిగ్నల్‌ను అమర్చినవారు ఇప్పటివరకు ఈ కార్యాలయమునకు అప్పగించి యుండలేదు. కావున రికార్డుల ప్రకారము సదరు కూడలి యందు సిగ్నల్ లేదు." అమర్చినవారికి ఫోన్ చేస్తే, అమర్చడం వరకే వారి పని అట, వెలగడం వారి పని కాదట.

8. కావున తమరే చెప్పండి. స్టేషనులో సిగ్నల్ ఉన్నది, కార్యాలయంలో లేదు. లేనిదాన్ని నేను ఎలా ఉల్లంఘించాను? ఉన్నదైతే, నాకు పచ్చ చూపి, అదే నిమిషాన చిరంజీవికి పచ్చ చూపిన బాధ్యుడి పేరు కేసులో ఏది? మా ఇద్దరికీ పేర్లున్నాయి, తండ్రి పేర్లున్నాయి, ఆధార్ ఉంది. అతనికి ఏమీ లేదు.

9. ఇది నంబరు వేయదగిన అంశమో కాదో తెలియదు. కారు సాక్ష్యమని నలభై ఐదు రోజులుగా స్టేషను ఆవరణలో ఉంచారు. మేము చీకటితోనే ఆటోలో బయలుదేరి, బస్సు పట్టుకుని, మళ్లీ ఆటో ఎక్కి పలాస చేరుతున్నాము. నాలుగు గంటలు మిషను మీద పడుకుని లేచిన మనిషికి కళ్లు తిరుగుతాయి. ఆ మనిషిని నేను బస్సులో కమ్మీ పట్టుకుని నిలబెట్టి తెస్తున్నాను. రామూర్తి మావ వారానికి మూడుసార్లు రావడం మాని రెండుసార్లే వస్తున్నాడు. "రెండు పాళ్లు సాలులేరా, ఆ బస్సులో నిలబడలేకపోతన్నాను" అంటాడు. అతని కాళ్లు ఉబ్బాయి. మొన్న మంచం మీద వెల్లకిలా పడుకుంటే ఊపిరి ఆడలేదు. అయ్యా, నాకు భయంగా ఉంది. కేసు ఏళ్లు నడిచినా నేను నడవగలను. ఆ మనిషి అంతకాలం ఆగలేడు.

ప్రార్థన: సిగ్నల్ ఉన్నదని గానీ, లేదని గానీ, ఏదో ఒక్క మాట తమ సంతకంతో ఖాయం చేయవలెను. ఉన్నదంటే బాధ్యుడిని మా ఇద్దరి పక్కన నిలబెట్టవలెను. లేదంటే మా ఇద్దరినీ వదలవలెను. అది తేలేలోపు కారును హామీ మీద నాకు ఇప్పించవలెను. పిలిచినప్పుడు తెచ్చి అదే చోట నిలుపుతాను, సోమ, బుధ, శుక్రవారాలు తప్ప.

ఈ మాత్రం చిత్తగించి ఆదుకోవలెనని,

మూడో అర్జీకి కూడా తమ విధేయుడుగానే ఉన్న,
తామాడ మన్మథరావు

తా.క.: పైదంతా గురువారం రాసినది. నిన్న శుక్రవారం డయాలసిస్ అయ్యాక తిరిగి వస్తూ మిల్లుల కూడలిలో ఆటో ఆపించాను. చిరంజీవి కట్టు కాలుతో వచ్చి ఉన్నాడు. మిల్లులో సంచులు అడిగి తెచ్చాడు. అతను ఒంటికాలి మీద నిలబడి నిచ్చెన పట్టుకున్నాడు, నేను ఎక్కి కట్టాను. రెండు వైపులా పచ్చ ఇంకా వెలుగుతూనే ఉంది. ఆటోలో పడుకున్న గౌరీశ్వరి తలెత్తి, "తాడు రెండు సుట్లు సుట్టు, మళ్లీ ఎవులైనా ఫొటోకొత్తారు" అన్నది. రెండు చుట్లు చుట్టాను.

సంచి కట్టింది ఎవరని స్టేషనులో అడుగుతున్నారు గదా. నా పేరు రాసుకోమనండి, కావలిస్తే ఇంకో కేసు పెట్టమనండి. సంచి మాత్రం విప్పనివ్వకండి అయ్యా. సోమవారం మేము మళ్లీ ఆ దారినే రావాలి.