దేవి వండిన బీట్‌రూట్

పెందుర్తి

అమ్మకు సూర్యకళ నమస్కారాలు. ఫోన్ చేస్తే మా తోటికోడలు దేవి వింటుందని కార్డు రాస్తున్నాను.

ఆదివారం నేను బీట్‌రూట్ పచ్చిగానే చెక్కు తీసి తరిగాను. చేతులు, వంటగట్టు, కొత్త నైటీ అన్నీ ఎర్రబడ్డాయి. మర్నాడు దేవి కోయకుండా తొక్కతోనే కుక్కర్లో ఉడకబెట్టింది. చల్లారాక నీళ్ళలో రుద్దితే తొక్క ఇట్టే ఊడింది. ఒక్క మరక లేదు. అత్తగారు మురిసిపోయారు. మా పాప కూడా పిన్ని కూరే బాక్సులో పెట్టమంది. నాకు కడుపు మండిపోయింది.

"ఎవులు సెప్పారే నీకు?" అన్నాను.

"మీ అమ్మగారే సెప్పారక్కా, మొన్న ఫోన్‌లో."

కన్నకూతురికి చెప్పని మాట దానికెలా చెప్పావమ్మా?

నాన్న మోకాలి నొప్పి తగ్గిందా? తమ్ముడికి నా ఆశీస్సులు. ఈ ఏడు ఆవకాయ పాళ్ళు మాత్రం నాకొక్కదానికే చెప్పు.

నీ కూతురు,
సూర్యకళ