సంచి దించని నడక

నిజామాబాద్,
9 నవంబర్ 2025.

నవతకు,

శిరీష రాస్తున్నది. ఇంట్లో అందరూ కుశలమనీ, కాలికి పడ్డ గాటు ఇప్పుడు సలపడం లేదనీ అనుకుంటున్నాను. సూదులన్నీ వేయించుకున్నావని మీ గల్లీ దేవవ్వ చెప్పింది. నేను బాగానే ఉన్నాను, నడుము నొప్పి తప్ప. పొద్దంతా బీడీలు చుట్టేదానికి నడుము నొప్పి లేకపోతేనే వింత.

ఫోన్ చేస్తే మీ అత్త గంగమణి ఎత్తి, నువ్వు ఇంట్లో లేవని చెప్పి పెట్టేస్తున్నది. ఏడాదిగా గడప దాటనివ్వని కోడలు ఇంట్లో కాక ఇంకెక్కడ ఉంటుందో ఆమెనే అడగాలి. అందుకే ఈ ఉత్తరం దేవవ్వ చేతికిచ్చి పంపుతున్నాను.

ఈసారి కూడా లింబాద్రి గుట్ట జాతరకు నడిచాను. బోధన్ నుంచి భీమ్‌గల్ దాకా అదే దారి, అవే మూడు రోజులు. బీడీల చేట ముందు మడిచిన కాళ్లు ఏడాదికి ఆ మూడు రోజులే కదా చాపుకునేది, నీకు నేను చెప్పాలా? పదకొండేళ్లు పక్కపక్కన నడిచాం. ఈసారి నా పక్కన ఎవరూ లేరు.

బయలుదేరే ముందు మన జట్టు పెద్ద రామ్‌దాస్ అన్న ఆడవాళ్లందరి చేత కొబ్బరికాయ ముట్టించి ప్రమాణం చేయించాడు. ముట్టుతో ఉన్నవాళ్లు ఇప్పుడే చెప్పి ఆగిపోవాలన్నాడు. పోయినేడు ఒకామె దాసిపెట్టి నడిసింది, గందుకే కుక్క పట్టుకున్నది, దేవుడు ఊకుంటడా అని కూడా అన్నాడు. నీ పేరు ఎత్తలేదు, ఎత్తాల్సిన పనీ లేదు. అందరూ నా వైపే చూశారు.

నిరుడు జక్రాన్‌పల్లి దగ్గర నిన్ను కుక్క కరిచినప్పుడూ అంతే. అందరూ చుట్టుముట్టి అదే మాట అడిగితే, లేదు లేదని ఏడుస్తూ నువ్వు నన్ను చూశావు. నీతో పాటే స్నానం చేసినదాన్ని, నీకు ముట్టు లేదని నాకు తెలుసు. అయినా తల దించుకున్నాను. వాళ్ల మాటే మీ అత్త చెవిన పడింది. ఈసారీ కొబ్బరికాయ ముట్టి నోరు మూసుకున్నాను.

రెండో రోజు మధ్యాహ్నం, అదే చోట, పాదంలో ముల్లు దిగితే బస్ షెల్టర్‌లో కూర్చున్నాను. జట్టు ముందుకు వెళ్లిపోయింది. నా ఫోన్ వంట సామాను ఆటోలో ఉంది. ముల్లు తీసి తలెత్తేసరికి ఎదురుగా నాలుగు కుక్కలు. ముందున్న దానికి ఎడమ చెవి సగమే ఉంది. అదే కుక్క, నవతా. నిన్ను కరిచినదే.

అరుగు మీదికెక్కి సంచిని గుండెకు అదుముకున్నాను. మూడు వైపులా గోడ. నేను కదిలితే మిగతా మూడూ మొరుగుతున్నాయి. అది మాత్రం మొరగదు, కరవదు. అరుగు మీద ముందుకాళ్లు ఆనించి నా సంచిని వాసన చూస్తుంది, వెళ్లి దారికి అడ్డంగా పడుకుంటుంది, మళ్లీ లేచి వస్తుంది. రెండు బస్సులు ఆగకుండానే పోయాయి. మూడు గంటలు ఆ అరుగు మీద నిలబడే ఉన్నాను. మీ ఇంట్లో నువ్వెలా ఉన్నావో అప్పటిదాకా ఒక్కసారి కూడా ఆలోచించలేదు నేను.

చివరికి రోడ్డు మీద వడ్లు ఆరబోసుకుంటున్న రేణుకమ్మ అనే ఆమె కట్టె పట్టుకొచ్చి వాటిని తోలింది. నీళ్లిచ్చి కూర్చోబెట్టి, ఆ కుక్క గురించి ఒక మాట చెప్పింది. ఆ మాట విన్నాక గుట్టయితే ఎక్కాను గానీ, దేవుడి ముఖం చూడలేకపోయాను.

తప్పు నీది కాదు, నవతా. నేను నోరు విప్పాల్సింది.

ఇట్లు,
పదకొండేళ్లు నీ పక్కన నడిచిన
శిరీష

తా.క.: కవరు అంటించి మళ్లీ చింపాను. సగమే రాసి పంపితే అది ఇంకో అబద్ధం.

రేణుకమ్మ చెప్పింది ఇదీ: అది మంచి కుక్కనే బిడ్డా, పోయినేడు గుట్టకు నడిసెటోళ్లెవరో దాని పిల్లను ఎత్కపోయిండ్రు, గప్పటిసంది సంచి కనవడితే సాలు ఎంబడి పడ్తది.

ఎత్తుకుపోయింది నేనే. నిరుడు ఆ షెల్టర్ వెనకాల కనిపించింది. పొద్దంతా ఒక్కదాన్నే చేట ముందు కూర్చుంటానుగా, తోడుంటుందని ఎవరూ చూడకుండా సంచిలో వేసుకున్నాను. తల్లి వచ్చింది నా మీదికి. నువ్వు అడ్డం నిలబడ్డావు. నిన్ను పట్టుకుంది. సంచిలో పిల్ల కుయ్‌మంటే ఎవరికీ వినపడకుండా నేను దగ్గాను. కాలి నుంచి రక్తం కారుతూనే, నాకు జలుబు చేసిందా అని అడిగావు నువ్వు.

ఈ పొద్దున ఇదంతా జట్టు వాట్సాప్‌లో నా గొంతుతోనే చెప్పి పెట్టాను. ఇక నడకకు రావద్దని రామ్‌దాస్ అన్న జవాబిచ్చాడు. సరేనన్నాను.

ఉత్తరం దేవవ్వే లోపలికి తెస్తుంది. మీ అత్తకు వినిపించేలా గట్టిగా చదువు. బయట మొరుగుతున్నది ఆ పిల్లే. తాడు పట్టుకుని నేనూ ఉన్నాను.