నిలబెట్టి వినవలసిన గుండె

జనక్‌పురి,
8 నవంబరు 1994

సుబేదార్ వీరభద్రం గారికి నమస్కారం.

జర్మనీలో నాకు గుండె వైద్యం నేర్పిన ప్రొఫెసర్ లిండ్‌నర్ గారు గత నెల కాలం చేశారు. మా వైద్య సంఘం పత్రికకు ఆయన జీవితం రాస్తూ, "ముప్పై ఏళ్ల అధ్యాపకత్వంలో ఏ బిడ్డ గుండెనైనా పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి విన్నాకే జబ్బని రాసేవారు" అన్నచోట ఆగిపోయాను. మీ అమ్మాయి శ్రావణి గుండెను నేను పడుకోబెట్టి మాత్రమే విని, అందులో వినిపించిన అదనపు శబ్దాన్ని జబ్బనుకుని పరుగు మాన్పించాను.

అందుకే నిన్న తల్లీకూతుళ్లను పిలిపించాను. పాప నిలబడగానే ఆ శబ్దం పోయింది. ఎకో పరీక్షలోనూ లోపం లేదు. పొరపాటు నాదే.

"అచ్ఛా, ఆర్నెల్లు ఊరికే కూర్చోబెట్టారా అంకుల్?" అంది పాప. అవునన్నాను.

మీరింకా భయపడుతున్నారట. శుక్రవారం స్కూల్లో ఎంపిక పరుగుకు దయచేసి పంపండి. నేనూ మైదానానికి వస్తాను. పరుగు ముగిశాక మీ ఎదుటే మళ్లీ వింటాను.

క్షమాపణలతో,
మీ అమ్మాయికి వైద్యం చేసిన డాక్టరు