ఒకే మాత్ర, రెండు తెల్లవారుజాములు

4 నవంబరు 2024, సోమవారం

ముందుగా క్షమాపణ. నా తెలుగు మంచి తెలుగు కాదు. బడిలో కన్నడం చదివినాను. ఛాంపియన్ రీఫ్స్ బంగారు గని లైన్ ఇళ్లలో తమిళం మధ్య పెరిగినాను. తెలుగు మా అమ్మ నోట విన్నదే. అక్షరాలు నలభై దాటిన తరువాత నాకు నేనే నేర్చుకొన్నాను. అయినను నేను బి.ఎ. పట్టభద్రుణ్ణి. పగలు పని, రాత్రి కాలేజీ, ఏడేండ్లు. కనుక వాక్యం తన కాళ్లమీద నిలబడేటట్టు వ్రాయడానికి ప్రయత్నిస్తాను.

పేరు మునిశంకర్. వయస్సు నలభై ఎనిమిది. క్యాసంబళ్ళిలో ఒక ప్రైవేటు గ్రైనేజ్‌లో, అనగా పట్టుపురుగు గుడ్లు తయారుచేసే కేంద్రంలో, సూపర్‌వైజర్‌ను. పట్టుగూడును బ్లేడుతో కోసి, లోపలి ప్యూపాను వెల్లకిలా తిప్పి, తోక దగ్గర చూసి, ఆడదో మగదో చెప్పడం నా విద్య. ఆడదానికి ఇంటూ గుర్తు వంటి గీత. మగదానికి ఒక చుక్క. రెక్కలు వచ్చేలోపల వేరు ట్రేలలో పెట్టకపోతే తమలో తామే జత కట్టి విత్తనాన్ని పాడుచేస్తాయి. ఈ పనిలో నన్ను మించినవాడు ఈ తాలూకాలో లేడు.

నెలన్నరగా నిద్ర లేదు. అందుకే ఈ డైరీ.

9 నవంబరు, శనివారం

డాక్టరు వ్రాసిచ్చిన నిద్రమాత్ర పని చేసింది. పది మిల్లీగ్రాములు. ఐదు గంటలకు కడిగిన పలకలాగా లేచినాను.

నా భార్య లక్ష్మీదేవికి కూడా రెండు నెలలుగా నిద్ర లేదు. మా నాయన గని డిస్పెన్సరీ నుంచి తెచ్చిన మిక్స్చర్‌ను ఇంటిల్లిపాదికీ ఒకే మూతతో కొలిచి పోసేవాడు. ఎవరికి దగ్గు, ఎవరికి జ్వరం అని అడిగేవాడు కాదు. నేను ఆ ఇంటివాణ్ణే. పైగా బి.ఎ.లో స్త్రీపురుష సమానత్వం మీద పది మార్కుల ప్రశ్నకు ఎనిమిది తెచ్చుకొన్నాను. నాకు ఒకటి, ఆమెకు ఒకటి. సగం ఇవ్వడం ఆమెకు అవమానమని తోచింది.

ఇది రాసిచ్చింది మీకా నాకా అని ఆమె అడిగింది. రోగం ఒకటే, మందు ఒకటే అన్నాను. మింగింది.

17 నవంబరు, ఆదివారం, ఉదయం 6.10

ఇది వెంటనే వ్రాయవలసిన విషయం.

పెరట్లో లక్ష్మీదేవి పెరట్లో పాలక్యాను చేతిలో పట్టుకొని నిలబడి ఉంది. మా ఇల్లు ఆండర్సన్‌పేట చివర. పెరట్లోనుంచి గనిమట్టి దిబ్బ కనిపిస్తుంది. మంచులో అది భూమిని తాకకుండా తేలుతున్నట్టు ఉంది. శంకరా, దిబ్బమీద ఆవులు నిలబడుండాయి చూడు, అన్నీ తెల్లవి, ఒక్కటీ తోక ఆడించడంలేదు, అన్నది. ఇరవై ఆరేండ్ల కాపురంలో నన్ను పేరుపెట్టి పిలవడం ఇదే మొదలు.

ఆవులు లేవని చెప్పినాను. నీకు యాడ కనిపిస్తాయిలే, నీ కండ్లు రెండేండ్లుగా పొగలో ఉండాయి, సూదిలో దారం ఎక్కిస్తాండేది నేనే కదా అన్నది. గొంతు నీళ్లలోనుంచి వచ్చినట్టు ఉంది.

కల కంటున్నదని నిశ్చయించుకొన్నాను. నా కండ్లకు ఏ లోపమూ లేదు. తరువాత చేర్చినది: తొమ్మిది గంటలకు అడిగితే ఆమెకు ఏదీ జ్ఞాపకం లేదు. ఏమండీ, కాఫీ చల్లారిపోతాది అన్నది.

18 నవంబరు

ఈ ఉదయం కూడా పేరుపెట్టి పిలిచింది. నేను ఆక్షేపించలేదు.

26 నవంబరు, మంగళవారం

లక్ష్మీదేవి మా వీధి మహిళా పాల సంఘంలో టెస్టర్. ఉదయం ఆరున్నరకు ప్రతి ఇంటి పాలకు శాంపిల్ తీసి, మిషన్‌లో పెట్టి, కొవ్వు ఎంతో రిజిస్టర్‌లో వ్రాయాలి. పదకొండేండ్లుగా ఆమె అంకెను ఎవరూ ప్రశ్నించలేదు.

ఈ రోజు సంఘం సెక్రెటరీ సుమ రిజిస్టర్ చంకన పెట్టుకొని ఇంటికి వచ్చింది. కొవ్వు వ్రాయవలసిన గడిలో లక్ష్మీదేవి ఆవుల పేర్లు వ్రాసింది. గౌరి, తుంగ, బెళ్ళి. చక్కని గుండ్రని అక్షరాలు. నాలుగు రోజులుగా ఇదే. అన్నా, డెయిరీ లారీవాడు గౌరి ఎంత పర్సెంట్ అని అడిగితే నేనేం చెప్పేది అని సుమ నవ్వబోయి నవ్వలేకపోయింది. ఇంకొక్కసారి ఇట్లయితే వేరే టెస్టర్‌ను పెట్టక తప్పదన్నది. గడపలో నిలబడిన ఆడవాళ్లు వయసు తలకెక్కిందమ్మా అని గుసగుసలాడినారు.

వాళ్లు వెళ్లిన తరువాత లక్ష్మీదేవి ఆ పుటను చాలాసేపు చూసింది. రాత నాదే, రాసింది నేను కాదు అన్నది. ఈ ఉద్యోగం పోతే నేనెవరు అని అడిగింది.

విశ్రాంతి చాలడంలేదని భావించినాను. రాత్రి మాత్ర మరువకుండా నా చేతితోనే ఇచ్చినాను.

2 డిసెంబరు, సోమవారం

త్వరత్వరగా వ్రాస్తున్నాను. అక్షరాలు బాగుండవు.

ఉదయం మోపెడ్‌మీద శాంపిల్ సీసాలతో బయలుదేరిన లక్ష్మీదేవి సంఘానికి పోలేదు. దిబ్బ వెనుక మూతపడిన గని షాఫ్టు నూతి దగ్గర దొరికింది. మోపెడ్ పడి ఉంది. మోకాలు చెక్కుకుపోయి ఉంది. సీసాలు మాత్రం నేలమీద వరుసగా, మూత బిగించి, ఒక్క చుక్క ఒలకకుండా పేర్చింది. మా మామ షిఫ్టు ముగించుకొని పైకి వస్తాడు, పాలు ఇచ్చి పోతాం ఉండు శంకరా అన్నది. మా నాయన పోయి పద్దెనిమిదేండ్లు.

షాఫ్టు చుట్టూ వేసిన కంచె తెగి ఉన్నదో లేదో నాకు తెలియలేదు. చేయి పెట్టి తడిమితే తెలిసింది. తెగి ఉంది. ఆమె కూర్చున్న చోటికి రెండడుగులు.

ఆమె తమ్ముడు చిన్నవెంకటప్ప బూదికోట నుంచి ఫోన్ చేసినాడు. బావా, ఆదివారం కారు తెస్తా, అక్కను పిల్చుకపోతా, ఇంగ నీ దగ్గర వద్దు, చావు కబురు వచ్చేదాకా మేం కూచోవాల్నా అన్నాడు. పిచ్చి పట్టినదాన్ని మోపెడ్ ఎక్కనిచ్చే పట్టభద్రుణ్ణి ఎక్కడా చూడలేదన్నాడు. ఫోన్ పెట్టేసినాను. లక్ష్మీదేవి విన్నది. అక్కడికి పోతే నేను మళ్లీ రాను, నన్నొక మూల కూచోబెట్టి అన్నం పెడతారు అన్నది.

5 డిసెంబరు, గురువారం

ఆడ ట్రేలో ఉదయం తెల్లని రెక్కల పురుగులు జతకట్టి ఉన్నాయి. మగవి కలిసిపోయినాయి. ఒకటి కాదు, పద్నాలుగు. ట్రే మొత్తం పారవేయాలి.

నా కింద పనిచేసే అమ్మాయిలను గట్టిగా మందలించినాను. కండ్లు ఇంట్లో పెట్టి వస్తారా అన్నాను. గూళ్లు కోసే చైత్ర ట్రే అడుగున అంటించిన చీటీ తీసి నా చేతిలో పెట్టింది. సార్, ఇది మీ ట్రే అన్నది. మెల్లగానే అన్నది. వెనుకనుంచి ఎవరో, సారుకు ఇంగ ఆడామగా తేడా తెలీని వయసొచ్చేసిందప్పా అన్నారు. గదంతా నవ్వింది.

ఆ చీటీమీది పేరు కూడా నాకు చదవ రాలేదు.

అనగా నా కండ్ల గురించి కల కంటూ ఆమె చెప్పింది నిజం. మేలుకొని నేను నమ్మింది అబద్ధం.

7 డిసెంబరు, శనివారం

రాబర్ట్‌సన్‌పేటలో కళ్లద్దాలు తీసుకొన్నాను. దూరానికీ దగ్గరకూ కలిపి, రెండు పాయింట్లు పవరు. దుకాణం బయట వేపచెట్టు ఆకులు ఒక్కొక్కటిగా విడిపోయి కనిపించినాయి. నేను కొంతసేపు అక్కడే నిలబడినాను.

ఇంటికి వచ్చి దొరికినదల్లా చదివినాను. అగ్గిపెట్టె, క్యాలెండరు, ఉప్పు ప్యాకెట్టు. చివరికి నిద్రమాత్రల డబ్బాలో మడతపెట్టిన కాగితం. చీమలంత అక్షరాలు. నెల రోజులుగా దాన్ని మడత విప్పకుండా పక్కన పెట్టేవాణ్ణి. అందులో ఉంది. స్త్రీలకు ఐదు మిల్లీగ్రాములు. స్త్రీల శరీరంలోనుంచి ఈ మందు నెమ్మదిగా పోతుంది. మరునాటి ఉదయం బండి నడపడం, జాగ్రత్త అవసరమైన పని చేయడం ప్రమాదం. నిద్రలో నడవవచ్చు, పని చేయవచ్చు, తరువాత జ్ఞాపకం ఉండకపోవచ్చు.

నాలుగుసార్లు చదివినాను.

పురుగుల్లో ఆడామగా వేరుచేసి పొట్ట పోసుకొన్నవాణ్ణి. ఇంట్లో ఇద్దరినీ ఒకే ట్రేలో పెట్టినాను.

గూళ్లు కోసే బ్లేడుతో మాత్రను రెండు చేసి, సగం ఇచ్చినాను. ఎందుకో చెప్పినాను. ఆమె నా కళ్లద్దాలు తీసి, కొంగుతో తుడిచి, మళ్లీ పెట్టింది.

8 డిసెంబరు, ఆదివారం

కారు వచ్చింది. చిన్నవెంకటప్పకు కాగితం చూపించినాను. కాగితం చదివి కాపురం చేస్తావా బావా అన్నాడు. అవును, ఇకమీదట చదివే చేస్తాను అన్నాను. రేపు తమక ఆసుపత్రిలో డాక్టరమ్మ ఇది మాత్ర పని కాదంటే నేనే ఆమె పెట్టె కారులో పెడతానన్నాను. ఆ రాత్రికి ఉండిపోయినాడు.

9 డిసెంబరు, సోమవారం

డాక్టరమ్మ కాగితాన్ని, నన్ను, మార్చి మార్చి చూసింది. సార్, చదువుకున్నవాళ్లు కదా, మీ మాత్ర ఆమెకు మీరెట్లా ఇస్తారు అన్నది. నా చదువు ఎంతో చెప్పలేదు. చెప్పకపోవడం జీవితంలో అదే మొదలు.

మీ అక్కకు పిచ్చీ లేదు, గాలీ లేదు అని చిన్నవెంకటప్పతో అన్నది. మాత్ర ఇంకా ఒంట్లో ఉండగానే ఆమె పనిలోకి దిగుతాండాది, కాళ్లు మేలుకొనుండాయి, మెదడు సగం నిద్రలో ఉండాది, అంతే. చాలా ఏండ్లు మందులను మగవాళ్లమీదే ఎక్కువగా పరీక్షించినారని, ఈ సంగతి ఆలస్యంగా తేలిందని చెప్పింది.

తరువాత లక్ష్మీదేవి వైపు తిరిగి, నీకు నిద్ర ఎందుకు పట్టడంలేదమ్మా అని అడిగింది. లక్ష్మీదేవి నావైపు చూసి, తల దించుకొని, చెప్పింది. ముట్టు నిలిచినప్పటినుంచి నడిరాత్రి ఒళ్లంతా నిప్పు అంటుకొన్నట్టు అవుతుందట. చీర తడిసిపోతుందట. గోడకు వీపు ఆనించి తెల్లారబెడుతుందట.

నా పక్కనే. రెండు నెలలు.

రోగం ఒకటే అన్నాను. నాది దిగులు. ఆమెది వేడి. నేను అడగలేదు. డాక్టరమ్మ మాత్రను కొన్ని రోజుల్లో మెల్లగా మానమని చెప్పి, వేడికి వేరే మందు వ్రాసింది.

తిరుగు దారిలో చిన్నవెంకటప్ప బంగారుపేట దగ్గర కారు ఆపి అందరికీ టీ ఇప్పించినాడు. క్షమాపణ అడగడం ఆ వంశంలో లేదు. టీ ఉంది.

20 డిసెంబరు, శుక్రవారం

లక్ష్మీదేవి మాత్ర మానేసి వారం. సుమ పక్కన కూర్చొని ఐదు రోజులు రిజిస్టర్ సరిచూసింది. అన్నీ అంకెలే. ఇంగ నాకు వేరే పనుండాది, నువ్వే చూసుకో లక్ష్మక్కా అని లేచిపోయిందట. లక్ష్మీదేవి స్థానం ఆమెకు ఉంది.

చైత్రకు గదిలో అందరి ముందు క్షమాపణ చెప్పినాను. లేచి నిలబడి, చేతులు కట్టుకొని చెప్పినాను. సార్, ఆ అద్దాలు బాగుండాయి అన్నది.

ఈ ఉదయం పెరట్లో దిబ్బ మళ్లీ తేలింది. ఆవులు కనిపిస్తున్నాయా అని అడిగినాను. ఏం ఆవులండీ అన్నది.

సంతోషించినాను. కొంచెం దుఃఖించినాను కూడా. ఇది కూడా వ్రాయాలి.

3 జనవరి 2025, శుక్రవారం, ఉదయం 6.10

పుస్తకం నిండింది. దీన్ని ముందు లక్ష్మీదేవి చదవాలి. ఆమె అన్నదని నేను వ్రాసిన ప్రతి మాట పక్కన, అది నిజంగా తనదో కాదో ఆమె వ్రాయాలి. శంకరా అన్న చోట కొట్టివేసే అధికారం కూడా ఆమెదే. తరువాత చైత్ర. ఆ తరువాత, చిన్నవెంకటప్పకు ఎవరైనా చదివి వినిపించాలి.

చదివేవారు నా అద్దాలు పెట్టుకోకూడదు. లక్ష్మీదేవికి వేరుగా కండ్లు చూపించి తీసుకొన్నవి కిటికీలో ఎర్ర డబ్బాలో ఉన్నాయి. పవరు వేరు.