నూకాలమ్మ ఘటానికి ఫారం

మార్చి 12
రాసేది కోడలు సౌభాగ్య. మాటలు నావి. ఒక్క తిట్టు కూడా తీసేయకూడదని ముందే చెప్పాను.

ఉగాదికి ముందురోజు, కొత్త అమావాస్యనాడు, నూకాలమ్మ గుడికి మొదటి ఘటం నా నెత్తి మీదే వెళ్తుంది. మా అత్త తర్వాత నేనే, నలభై ఒక్క ఏళ్లుగా. ఈసారి ఘటం ఎత్తేవాళ్లు మా రైల్వే కాలనీ తెలుగు సంఘం వెబ్‌సైట్‌లో ఫారం నింపాలట. ముందు నింపినవాళ్లది ముందు వరస. సెక్రటరీ గిరిబాబు పెట్టిన రూలు. నా చేతుల మీద పెరిగినవాడు.

మార్చి 13
ఫారం ఎందుకు, వాడి ఈమెయిల్‌కే రాసి పడేయమన్నాను. అది సైట్‌లోంచి తీసేశాడట. అందరికీ కనబడితే లాటరీ వాళ్లూ మందుల వాళ్లూ రోజుకి వంద స్పామ్ పంపుతున్నారట. సౌభాగ్య వాణ్ణి వెనకేసుకొచ్చింది. తలుపు మూసుకుని సందులోంచి మాట్లాడేవాడు సెక్రటరీయా?

నేను రోబోట్ కాదని టిక్ పెట్టమంది ఆ ఫారం. డెబ్బై నాలుగేళ్ల మనిషిని అడగవలసిన మాటేనా?

అమ్మవారి పని ఒక్కసారి చెప్పి ఊరుకోకూడదు. దీపం పెట్టి పదకొండుసార్లు పంపించాను. అవే మాటలు, అక్షరం మారకుండా. సౌభాగ్య గొణిగింది. పంపింది.

మార్చి 20
రోజూ పదకొండు. జవాబు లేదు.

మార్చి 25
సైట్‌లో లిస్ట్ పెట్టారు. మొదటి ఘటం గిరిబాబు అత్తగారు శాంతాదేవికి. నా పేరు చివర కూడా లేదు.

లోకో షెడ్ గేటు దగ్గర, డ్యూటీ దిగి వస్తున్న గిరిబాబుని పట్టుకున్నాను. నా ఫారం రానే లేదన్నాడు. ఫోన్ లాక్కుని సౌభాగ్యకి ఇచ్చాను. ఫారాలు వచ్చి పడే వాడి మెయిల్‌లో వెతికింది. స్పామ్‌లో ఉన్నాను నేను, లాటరీకీ మోకాళ్ల నూనెకీ మధ్య, నూట ముప్పై రెండుసార్లు. ఒకే ముక్క అన్నిసార్లు వస్తే మెషీనే తోసేస్తుందట.

"ఏటిరా గిరీ, పదకొండుసార్లడిగితే అమ్మోరు ఇంటాది. నీ మెసీను నన్ను దొంగదాన్ని సేసిందేటి?"

"అచ్ఛా పెద్దమ్మా, లిస్ట్ సైట్‌కి ఎక్కిపోయింది. వచ్చే ఏడు చూద్దాం."

అక్కడ నేనన్న మాట సౌభాగ్య రాయనంటోంది.

మార్చి 28
గిరిబాబు మా క్వార్టర్‌కి వచ్చాడు. అందరికంటే ముందు నడవాల్సిన అమ్మవారి ఇత్తడి ఘటం కావాలట. అది మా అత్త నాటి నుంచీ మా ఇంట్లోనే ఉంది. ఆ సంగతి ఫారంలో ఎవరూ అడగలేదు. గంటసేపు బతిమాలాడు. మజ్జిగ ఇచ్చి పంపేశాను.

మార్చి 29, కొత్త అమావాస్య, ఉదయం ఆరు
ఘటం నెత్తి మీద ఉంది. తల తిప్పలేను. సౌభాగ్యా, నడుస్తూనే రాయి. నా వెనక శాంతాదేవి ఉందో లేదో చూసి అదీ రాయి.

ఉంది.